ముందున్నదల్లా కారణమేనా?

"క్లచ్ తొక్కగానే ఇంజన్ ఆగిపోతోంది." గేర్ల కారు నడిపేవాళ్ళు మెకానిక్ షెడ్డుకు తెచ్చే ఫిర్యాదుల్లో ఇది బాగా పాతది. గేరు మార్చే ఆ ఒకటి రెండు సెకన్లలో ఐడ్లింగ్ నిలబడదు. కొన్ని బండ్లలో మీటరు ముల్లు నాలుగు వందలకు జారి, ఇంజన్ ఒక్క వణుకు వణికి మళ్ళీ కుదుటపడుతుంది. కొన్నిట్లో కుదుటపడకుండా ఆగే పోతుంది. ఇంకొన్నిట్లో ఇందుకు పూర్తిగా ఎదురు: ఎక్సలేటర్ మీంచి కాలు తీసినా ఇంజన్ రెండు వేల దగ్గర ఊగిసలాడుతుంది. ఫిర్యాదు చేసే మనిషి నిజంగా చూసినవి రెండే, క్లచ్ తొక్కడం, ఇంజన్ ఆగడం. మొదటిది రెండోదాన్ని చేసిందన్న సంగతి అతను చూడలేదు. చూద్దామన్నా అది కంటికి ఆనేది కాదు. అయినా ఎంత నిబ్బరంగా చెబుతాడో! ఆ నిబ్బరానికి ఆధారమేమిటన్నది మన దర్శనాల్లో వెయ్యేళ్ళకు పైబడి నలిగిన ప్రశ్న. నైయాయికులు, మీమాంసకులు, బౌద్ధులు, చార్వాకులు దీని మీద పట్టు విడవకుండా వాదించుకున్నారు. ఆ తగవులో న్యాయశాస్త్రం పక్షమే సరైనదని, ముఖ్యంగా 'ఉపాధి' అనే పేరుతో ఆ శాస్త్రం పెట్టిన పరీక్ష దాటకుండా దేన్నీ కారణమనే హక్కు మనకు లేదని నా వాదన. కుండ, బట్ట, నిప్పు, పొగ అనే పాత ఉదాహరణలు వినీ వినీ చెవికి అలవాటైపోయి వాటిలోని పదును మొద్దుబారింది. ఐడ్లింగ్ నిలబడని ఇంజన్ దగ్గర ఆ పదును మళ్ళీ తెలుస్తుంది.

ముందు ఐడ్లింగ్ సంగతి చూడాలి, ఎందుకంటే అది విశ్రాంతి కాదు. పెట్రోలు ఇంజన్ ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 700 నుంచి 900 చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ 800 చుట్ల మీద ఉందంటే సెకనుకు దాదాపు 27 సార్లు లోపల మంట అంటుకుంటోందన్నమాట. ఆ మంట బండిని అంగుళం కూడా కదిలించదు. ఇంజన్ తన రాపిడిని తాను గెలవడానికి, ఆయిల్ పంపును, ఆల్టర్నేటర్‌ను తిప్పడానికి, ఎండాకాలమైతే ఏసీ కంప్రెసర్‌ను లాగడానికి అది సరికి సరిగా సరిపోతుంది. థ్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి దాని వెనక ఇన్‌టేక్ మానిఫోల్డులో 18 నుంచి 20 అంగుళాల పాదరసం మేర వాక్యూం ఏర్పడుతుంది. కేబుల్‌తో పనిచేసే పాత థ్రాటిళ్ళలో ఒక చిన్న వాల్వు పలకను తప్పించి పక్కదారిన కొలిచినట్టు గాలి వదులుతుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిళ్ళలో ఆ పని పలకే చేస్తుంది. ఎవరు చేసినా ఆజ్ఞ ఇంజన్‌ను నడిపే కంప్యూటరుది, అంటే ఈసీయూది. ఇప్పుడు మూడో గేరులో పోతున్న బండిని ఊహించండి. డ్రైవరు ఎక్సలేటర్ వదిలాడు. ఈసీయూ ఇంజెక్టర్లకు పెట్రోలు ఆపేస్తుంది. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది గాని తన బలంతో కాదు, చక్రాలే గేర్‌బాక్స్ మీదుగా దాన్ని తిప్పుతున్నాయి. క్లచ్ తొక్కిన క్షణాన ఆ ఊతం తెగుతుంది. ముల్లు కిందికి పడుతుండగానే ఈసీయూ మళ్ళీ పెట్రోలు వదిలి, తగినంత గాలి అందించి, ఇంజన్‌ను ఐడ్లింగ్ దగ్గర పట్టుకోవాలి. థ్రాటిల్ బాడీకి మసి పట్టినా, గాలి వాల్వు బిగుసుకున్నా, వాక్యూం పైపు పగిలినా, కాలు తీశారన్న కబురు థ్రాటిల్ సెన్సరు సరిగా చెప్పకపోయినా ఆ పట్టు తప్పుతుంది. బండి కదులుతోందో లేదో చెప్పే స్పీడు సెన్సరు మూగబోయినా అంతే.

ఇది తెలిశాక ఫిర్యాదును మళ్ళీ వింటే వేరుగా వినిపిస్తుంది. లోపం క్లచ్ తొక్కకముందే ఉంది. చక్రాలు మోస్తున్నంత సేపూ కనబడలేదు, మోత ఆగగానే కనబడింది. తార్కికులు కారక హేతువు, జ్ఞాపక హేతువు అని రెండు రకాలు చెబుతారు. మొదటిది కార్యాన్ని పుట్టిస్తుంది, రెండోది ఉన్నదాన్ని తెలియజేస్తుంది. చీకటి గదిలో దీపం కుండను చూపిస్తుందే గాని కుండను చెయ్యదు. ఇక్కడ క్లచ్ చేసింది దీపం పనే. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది: క్లచ్ తొక్కకపోతే ఇంజన్ ఆగేది కాదు కదా, ఏది లేకపోతే ఇది లేదో అదే దీనికి కారణం కాదా? పదిహేడో శతాబ్దిలో మన తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం సంస్కృతంలో తర్కం మొదలుపెట్టేవాళ్ళకు ఈనాటికీ తొలి పుస్తకం. దానికి దీపిక అనే వ్యాఖ్య కూడా ఆయనే రాసుకున్నాడు. కార్యానికి ముందు తప్పకుండా ఉండేది కారణమన్నది అందులో నేర్చుకునే లక్షణం. అయితే అంతటితో ఆగితే చిక్కొస్తుందని తార్కికులకు తెలుసు. ఆ మాటే పట్టుకుంటే కుండకు ముందు కుమ్మరి తండ్రి కూడా తప్పకుండా ఉన్నాడు, కర్రతో పాటు కర్ర రంగూ ఉంది, ఆకాశం సరేసరి. వీటిని అన్యథాసిద్ధాలని పక్కకు నెట్టారు. భాషాపరిచ్ఛేదం రాసిన విశ్వనాథుడు ఈ జాబితాలో మట్టి మోసిన గాడిదను కూడా చేర్చాడు. గాడిద లేకుండా మరో దారిన మట్టి వచ్చినా కుండ తయారవుతుంది కాబట్టి కుండకు గాడిద కారణం కాదు. మన బండికి ఈ పరీక్ష పెట్టడం తేలిక. బండిని నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఎక్సలేటర్ తొక్కి మూడు వేల దాకా లేపి ఒక్కసారిగా వదలండి. క్లచ్ జోలికి పోకండి. ముల్లు పడుతూ పడుతూ ఇంజన్ ఆగిపోయిందా, క్లచ్ గాడిద వరసలో చేరిపోయినట్టే. ఇంజన్‌కు ఊతం మరో దారిన పోయినా అదే ఫలితం వచ్చింది.

అలాగని క్లచ్ ఎప్పుడూ నిరపరాధి అని తీర్పు చెప్పేస్తే అదీ తొందరపాటే. అదే నిలబడ్డ బండిలో ఎక్సలేటర్ ముట్టకుండా క్లచ్ ఒక్కటే తొక్కి చూడాలి. మామూలుగా అయితే గేర్‌బాక్స్ లోపలి షాఫ్టును తిప్పే బరువు తప్పుతుంది కాబట్టి ఇంజన్‌కు రవ్వంత సులువు కావాలి. అలా కాకుండా వేగం పడిపోయి ఇంజన్ మూలిగిందంటే విషయం వేరు. క్లచ్ పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ప్రెషర్ ప్లేటు మీద నొక్కుతుంది, ఆ నొక్కుడు క్రాంక్‌షాఫ్టు దాకా పోయి దాన్ని ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడును ఆపడానికి థ్రస్ట్ వాషర్లుంటాయి. అవి అరిగిపోతే క్రాంక్‌షాఫ్టు ఇంజన్ బ్లాకుకు రాసుకుని తిరుగుతుంది, రాపిడి ఐడ్లింగ్‌ను మింగేస్తుంది. ఈ బండిలో క్లచ్ నిజంగానే కారకం. రెండు బండ్ల యజమానులూ షెడ్డులో చెప్పింది ఒకే వాక్యం, ఒకరి విషయంలో అది నిజం, మరొకరి విషయంలో అబద్ధం. ఖర్చులో కూడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఒకరికి ఓ డబ్బా క్లీనరు స్ప్రేతో పోతుంది, మరొకరికి ఇంజన్ దించాలి.

కాబట్టి రెండు సంఘటనలు జంటగా రావడాన్ని ఎన్నిసార్లు చూసినా, అది ఎంత తప్పనిసరిగా కనిపించినా, అక్కడికి మన పని సగమే అయినట్టు. మిగతా సగం పేరే ఉపాధి వెతకడం. నిప్పున్న చోట పొగ ఉంటుందని ఎవరైనా అంటే తార్కికుడు ఒప్పుకోడు. ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుతో పాటు తడి కట్టె కలిసిన చోటే పొగ వస్తుంది. పొగ ఉన్న ప్రతిచోటా తడి కట్టె ఉంది, నిప్పున్న ప్రతిచోటా లేదు. ఏది సాధ్యమంతటా (ఇక్కడ పొగ) పరుచుకుని హేతువంతటా (ఇక్కడ నిప్పు) పరుచుకోదో అది ఉపాధి, అది బయటపడిన మరుక్షణం మొదటి వాదన కూలిపోతుంది. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగిపోయే బండిని తీసుకుందాం. యజమాని లెక్క ప్రకారం క్లచ్ తొక్కి గేరు దించిన ప్రతిసారీ ఇంజన్ ఆగుతోంది. ఆయన అబద్ధమాడటం లేదు. కాని ఆయన గేరు పైకి మార్చేటప్పుడు కూడా క్లచ్ తొక్కుతున్నాడు, అప్పుడు ఆగడం లేదు, ఆ సందర్భాలు ఆయన లెక్కలోకి రావడం లేదు. ఆగినప్పుడల్లా ఇంకో కాలు బ్రేకు మీద ఉంది. బ్రేకు పెడల్ వెనక బూస్టర్ అనే డబ్బా ఉంటుంది, దాని లోపల ఒక రబ్బరు పొర. పొరకు ఒకవైపు మానిఫోల్డు వాక్యూం లాగుతుంటుంది, బ్రేకు తొక్కినప్పుడు రెండోవైపు బయటి గాలి లోపలికొస్తుంది, ఆ ఒత్తిడి తేడాయే కాలికి బలం కలిపేది. పొర చిరిగితే తొక్కిన ప్రతిసారీ బయటి గాలి ఆ చిరుగులోంచి నేరుగా మానిఫోల్డులోకి దూరుతుంది. కొలత లేని గాలి, ఎవరూ అడగని గాలి. ఇంజన్ తన సొంత కాళ్ళ మీద నిలబడాల్సిన క్షణంలోనే అది వచ్చిపడుతుంది. ఇంజన్ ఆగిన ప్రతిచోటా బ్రేకు ఉంది, క్లచ్ తొక్కిన ప్రతిచోటా లేదు. ఇంతకంటే చక్కని ఉపాధిని తర్క గ్రంథాల్లో కూడా వెతుక్కోవాలి. రుజువు కావాలంటే నిలబడ్డ బండిలో ఐడ్లింగ్ మీద క్లచ్ ముట్టకుండా బ్రేకు ఒక్కటే తొక్కి పట్టుకోవాలి. బుస్సుమన్న చప్పుడు ఆగకుండా వచ్చి ముల్లు కదిలితే దోషి దొరికాడు. దొరికాక ఆ బండిని రోడ్డెక్కించకూడదు, అది ఇంజన్ సమస్య అనిపించుకుంటున్న బ్రేకు సమస్య.

ఉపాధి ఇంత తిన్నగా దొరక్కపోవచ్చు. ఏసీ వేసినప్పుడే వస్తుందేమో, సీఎన్‌జీ మీద నడిపినప్పుడే వస్తుందేమో, ఇంజన్ వేడెక్కాకే వస్తుందేమో, హెడ్‌లైట్లు వేసిన రాత్రుళ్ళే వస్తుందేమో చూడాలి. వీటన్నిట్లోకీ నాకు ఆసక్తి కలిగించేది మౌంటింగుల కథ. ఎయిర్ ఫిల్టరు నుంచి థ్రాటిల్‌కు వచ్చే రబ్బరు గొట్టానికి ముడతల మధ్య ఒక చీలిక ఉంటుంది. ఇంజన్ కదలకుండా ఉన్నంత సేపు ఆ చీలిక పెదవులు మూసుకుని ఉంటాయి. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగు రబ్బరు పాడైతే గేరు మార్చినప్పుడల్లా ఇంజన్ ముందుకో వెనక్కో ఒరుగుతుంది, ఒరిగినప్పుడు చీలిక తెరుచుకుంటుంది. బానెట్ తెరిచి ఐడ్లింగ్ మీద ఎంత సేపు చూసినా ఏమీ కనబడదు. ఇక్కడ ఏది కారణం, చీలికా, మౌంటింగా, గేరు మార్పా? మూడూ కలిస్తేనే కార్యం. సమవాయి, అసమవాయి, నిమిత్తం అని కారణాన్ని మూడుగా విడగొట్టిన న్యాయం ఒక కార్యానికి ఒకే కారణమన్న పంతం పట్టదు, కారణాల కూడికనే సామగ్రి అంటుంది. కొనుక్కొచ్చిన గొట్టం వేసి మౌంటింగును వదిలేస్తే సామగ్రి విడిపోయి రోగం పోతుంది. కాని ఒరిగే ఇంజన్ కొత్త గొట్టాన్ని కూడా ఏదో ఒక రోజు చీల్చక మానదు.

ఉన్నప్పుడు ఉండటం, లేనప్పుడు లేకపోవడం, అంటే అన్వయ వ్యతిరేకాలు చాలవా, ఈ ఉపాధి గొడవంతా ఎందుకని అడగొచ్చు. నిజమే, మెకానిక్ చేసే పనంతా దాదాపు ఆ రెంటి మీదే నడుస్తుంది. కాని అవి ఎక్కడ మోసం చేస్తాయో కూడా ఇంజనే చూపిస్తుంది. ఒకే రకం గాలి చీలిక రెండు బండ్లలో ఎదురుబొదురు లక్షణాలు చూపించగలదు. లోపలికొచ్చే గాలిని తీసుకునే దారిలోనే కొలిచే బండిలో, చీలిక నుంచి దూరిన గాలి లెక్కలోకి రాదు. పెట్రోలు పాలు తక్కువై ఐడ్లింగ్ కుంగుతుంది. మానిఫోల్డు ఒత్తిడిని బట్టి గాలిని లెక్కగట్టే బండిలో ఆ దొంగగాలి కూడా ఒత్తిడిని పెంచుతుంది కాబట్టి ఈసీయూ దానికి తగ్గ పెట్రోలు కలిపేస్తుంది, ఐడ్లింగ్ పెరుగుతుంది. లక్షణం చూసి కారణం చెప్పే సూత్రం ఒక బండి మీద కట్టుకుంటే మరో బండి దగ్గర తిరగబడుతుందన్నమాట. వ్యతిరేకం కూడా మోసం చేస్తుంది. మసి పట్టే కొద్దీ ఈసీయూ పలకను కొంచెం కొంచెం ఎక్కువగా తెరవడం నేర్చుకుని, ఆ కొలతను జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. ఒక రోజు మెకానిక్ మసి అంతా శుభ్రంగా కడిగేస్తాడు. అడ్డం పోయింది, అడ్డానికి విరుగుడుగా నేర్చుకున్న అలవాటు పోలేదు. ఇంజన్ పన్నెండు వందలో పదిహేను వందలో అందుకుని గేరు మార్చినప్పుడల్లా అరుస్తుంది. కారణం తీసేస్తే కార్యం పోవాలన్న లెక్కన చూస్తే కడగడమే తప్పయింది! పాత కొలత చెరిపి ఈసీయూకు ఐడ్లింగ్ మళ్ళీ నేర్పించేదాకా ఈ తిక్క తీరదు. చేసిన పని ముగిసినా దాని సంస్కారం మిగిలి ఫలమిస్తుందని న్యాయవైశేషికులు అంటే ఆత్మల గురించే అనుకుంటాం.

మీమాంసకుల వైపు నుంచి వచ్చే వాదన ఇంతకంటే లోతైనది. నిప్పు దగ్గర ఒక ప్రత్యేకమైన మణి పెడితే అది కాల్చదు, తీసేస్తే కాలుస్తుంది. నిప్పు అదే, కట్టె అదే. కాబట్టి కంటికి కనబడే నిప్పు కాకుండా కాల్చే శక్తి అనేది వేరే ఉండాలి, మణి ఆ శక్తిని చంపుతోంది, ఇది మీమాంసకుల మాట. నైయాయికులు అదనపు శక్తిని ఒప్పుకోలేదు. అడ్డంకి లేకపోవడం కూడా కారణాల్లో ఒకటే, మణి వస్తే ఆ లేకపోవడం పోయింది, కార్యం ఆగింది, అంతే అన్నారు. లేకపోవడం కారణమెలా అవుతుంది, లేనిది ఏం చేస్తుంది అని మీమాంసకుడు వెక్కిరించాడు. పైకి అతని మాటే సబబనిపిస్తుంది. బండి ఆగితే మన నోట కూడా ముందు అదే భాష వస్తుంది, ఇంజన్‌లో దమ్ము పోయిందంటాం. దమ్ము పోయిందనుకున్నవాడు ఏం చేయాలి? ఇంజన్ విప్పాలి, పిస్టన్ రింగులు మార్చాలి. అడ్డు లేకపోవడమూ కారణమే అనుకున్నవాడు చీలిక వెతుకుతాడు, ఎందుకంటే గట్టిగా మూసుకున్న మానిఫోల్డు, అంటే చీలిక లేకపోవడం, ఐడ్లింగ్‌కు పెట్రోలంత అవసరం. శక్తి అన్నది లోపలెక్కడో ఉందని చెప్పి ఊరుకునే సమాధానం, ఎక్కడ వెతకాలో చెప్పదు. లేకపోవడం మాత్రం ఒక చోటికి, ఒక పైపుకి, ఒక కీలుకి కట్టుబడి ఉంటుంది. మీమాంసకులు ఓడారని దీంతో తేలిపోదు. వాళ్ళ శక్తివాదానికి మాటకూ అర్థానికీ సంబంధం దగ్గర వేరే బలాలున్నాయి. కాని పరీక్షకు నిలిచే కారణం కావాలంటే ఇక్కడ నైయాయికుడి వెంటే నడవాలి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం న్యాయం లోపలి నుంచే వస్తుంది. జ్ఞానం నిజమో కాదో దానంతటదే తెలియదు, దాన్ని నమ్మి చేసిన పని ఫలిస్తే తెలుస్తుంది, ఇది న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి నాటి నుంచి నైయాయికుల పక్షం. నీళ్ళనుకుని వెళ్ళాం, దాహం తీరింది, కాబట్టి అవి నీళ్ళే. అలాగైతే మెకానిక్ ఏదో చేశాడు, బండి ఆగడం మానేసింది, అతని జ్ఞానం నిజమని ఒప్పుకోక తప్పదు కదా, ఇంకా ఉపాధులు వెతకడం పండితుల చాదస్తం కాదా? కార్బ్యురేటర్ల కాలంలో ఈ వాదన రోజూ గెలిచేది. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కినప్పుడు దాని కార్బ్యురేటర్ మీద ఐడ్లింగ్ స్క్రూ స్క్రూడ్రైవర్‌కు అందేలా ఉండేది. ఇంజన్ ఆగుతోందంటే స్క్రూ పావు చుట్టు తిప్పి ఐడ్లింగ్ పెంచేవారు, ఇంజన్ ఆగేది కాదు, యజమాని దండం పెట్టి వెళ్ళేవాడు. ఇక్కడే చూడాలి. మసి పట్టినా స్క్రూ తిప్పితే ఆగదు, పైపు చీలినా ఆగదు, ప్లగ్గులు పాడైనా చాలావరకు ఆగదు. ఏది కారణమైనా ఫలించే పని, ఏ ఒక్క కారణాన్నీ రుజువు చేయదు. దాహం తీరడం నీళ్ళను రుజువు చేస్తుంది, ఎందుకంటే ఎండమావితో దాహం తీరదు. ఎండమావితోనూ తీరేదయితే అది రుజువు కాదు. ఫలసిద్ధి ప్రమాణమన్న మాట చెడలేదు. అది ఏ జ్ఞానానికి ప్రమాణమో విడదీసి చెప్పాలి, అంతే. స్క్రూ తిప్పినవాడి జ్ఞానం ఐడ్లింగ్ పెంచితే ఇంజన్ ఆగదన్నంత వరకు నిజం. చీలిక చీలికగానే ఉంది, మిశ్రమం పలచగానే మండుతోంది, పెట్రోలు అనవసరంగా కాలుతోంది.

ఈ రోజుల్లో స్క్రూ స్థానం స్కానర్‌ది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక బండి లోపలి సంగతి తెలుసుకోవడానికి కంటికంటే, చెవికంటే దాన్నే ఎక్కువ నమ్ముతున్నారు. అది చూపించే కోడ్‌లలో పీ0505 అంటే ఐడ్లింగ్ నియంత్రణలో తేడా, పీ0507 అంటే ఐడ్లింగ్ ఉండాల్సినదాని కంటే ఎక్కువ, పీ0171 అంటే మిశ్రమంలో పెట్రోలు పాలు తక్కువ. దీన్ని శబ్దప్రమాణమనవచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పే ఆప్తుడి మాట. ఆప్తుడు తాను చూసినదాన్ని గురించే ఆప్తుడు. పొగగొట్టంలో ఆక్సిజన్ ఎక్కువగా ఉంది, నేను పెట్రోలు పెంచుతూ పెంచుతూ హద్దు చేరాను అని మాత్రమే పీ0171 చెబుతోంది. ఆక్సిజన్ సెన్సరు మార్చమని అది అనలేదు. అయినా కోడ్ చూసి కబురు తెచ్చిన సెన్సర్‌నే పీకి కొత్తది పెట్టడం ఎంతగా అలవాటైందో! సాక్షి చెప్పిన సంగతి నచ్చక సాక్షిని మార్చినట్టుంటుంది. ఇంకో చివరన, లోపమే కానిదాన్ని లోపమనుకునేవాళ్ళున్నారు. కొన్ని కొత్త బండ్లలో గేరు మార్చేటప్పుడు ముల్లు వెంటనే పడకుండా ఒక క్షణం నిలిచి మెల్లగా దిగుతుంది. థ్రాటిల్ టక్కున మూసుకుంటే పొగలో కాలుష్యం పెరుగుతుంది కాబట్టి తయారుచేసినవాళ్ళే అలా పెట్టారు. దానికి వైద్యం లేదు, అవసరమూ లేదు.

బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి, దసరాకు బండికి పూజ చేసే దేశంలో దిష్టి సంగతి మాట్లాడకపోతే వాదన పూర్తికాదు. నవ్వి పారేయడం తేలిక, కాని న్యాయం నాస్తికుల శాస్త్రం కాదు. ఉదయనుడు న్యాయకుసుమాంజలి రాసిందే ఈశ్వరుణ్ణి నిరూపించడానికి. అదృష్టం, అంటే పూర్వకర్మల ఫలం, లోకంలో పుట్టే ప్రతి కార్యానికీ కారణమని నైయాయికులు ఒప్పుకుంటారు, ఈశ్వరుడూ, కాలమూ, దిక్కూ కూడా అంతే. అయితే వీటిని సాధారణ కారణాలన్నారు. అన్ని కార్యాలకూ ఉమ్మడి అయినది ఒక కార్యం ఇక్కడే, ఇప్పుడే, ఈ బండిలోనే ఎందుకు పుట్టిందో చెప్పలేదు, దానికి అసాధారణ కారణం వెతకాల్సిందే. పక్కింటి బండికి ఆగని ఇంజన్ ఈ బండికి ఆగిందంటే తేడా అందరికీ సమంగా ఉన్న వాటిలో ఉండదు. అదృష్టమే మనిషి మనిషికీ వేరు కదా అంటారా, ఆ తేడా కూడా ఏదో ఒక పైపు ద్వారా, పొర ద్వారా, సెన్సరు ద్వారానే పనిచేయాలి. దృష్ట కారణం దొరికే చోట అదృష్టాన్ని ముందుకు తోయకపోవడం ఆస్తికులైన తార్కికులు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు. నిమ్మకాయ కట్టుకోండి, బూస్టర్ పైపు కూడా చూసుకోండి అంటే ఉదయనుడికి అభ్యంతరం ఉండదనుకుంటాను.

మిగిలింది చార్వాకుడు. అతని ప్రశ్నకు పూర్తి సమాధానం లేదు, ఆ మాట దాచనక్కర్లేదు. మీరు బ్రేకును కనిపెట్టి క్లచ్‌ను వదిలేశారు, బ్రేకు వెనక మరో ఉపాధి దాక్కుని లేదని ఎలా తెలుసు, చూడనిదాన్ని లేదని ఎలా అంటారు? ఉదయనుడు ఈ శంకకు హద్దును నడవడిలోనే చూపించాడు. శంకించేవాడు ఆకలేస్తే అన్నమే తింటున్నాడు, పొగ కావాలంటే నిప్పే రాజేస్తున్నాడు. తన చేతలను కాదనేంత వరకు శంకను సాగదీయలేడు. పద్నాలుగో శతాబ్దిలో మిథిలకు చెందిన గంగేశుడు ఈ వాదాన్ని తర్కమనే సాధనంతో మరింత బలపరిచాడు. బూస్టర్ చిరుగు కారణం కాకపోతే, బూస్టర్ పైపు పీకి మూతబెట్టినా, నిలబడ్డ బండిలో బ్రేకు తొక్కితే ముల్లు పడాలి. పడటం లేదు. అలాంటి ఒక్క 'కాకపోతే' పది సాహచర్యాల కంటే విలువైనది. దీంతో ప్రతి శంకా తీరదు, పనికి అడ్డొచ్చే శంక తీరుతుంది. అయితే చార్వాకుడు ఒక చోట మాత్రం మనల్ని నిలదీయగలడు, నిలదీయాలి కూడా. గాలి వాల్వు మార్చి, అదే రోజు చీలిన గొట్టం కూడా మార్చి, బండి బాగుపడితే యజమాని రెండింటికీ డబ్బు కట్టి సంతోషంగా వెళ్తాడు. బిల్లులో రెండు వస్తువుల పేర్లూ ఉంటాయి. ఏది కారణమో ఎవరికీ తెలియదు. తెలుసుకునే అవకాశం పాత గొట్టంతో పాటు చెత్తబుట్టలో పడింది. అలాంటి చోట 'కారణం తెలిసింది' అని రాసుకోకూడదు. బండి బాగుంది, సంశయం మిగిలింది అని రాసుకోవాలి. సంశయాన్ని కూడా జ్ఞానంలో ఒక రకంగానే లెక్కగట్టినవాళ్ళు నైయాయికులు. రేపు అదే మోడల్ బండి అదే ఫిర్యాదుతో వస్తే ఆ మెకానిక్ ముందుగా ఒక్క గొట్టాన్నే మార్చి చూడటానికి, ఆ ఒక్క పంక్తి చాలు.